డీఈఎఫ్ క్యాన్లలో కొనాలా, డ్రమ్ము దించుకోవాలా? ఏది మేలు?

నాకు నాలుగు లారీలున్నాయని తెలిసిన ప్రతివాళ్లూ ఈమధ్య ఇదే అడుగుతున్నారు. డీజిల్ బండి పొగలో విషవాయువులు తగ్గడానికి విడిగా ఒక ట్యాంకులో పోసే ద్రవమే ఈ డీఈఎఫ్. నేను రెండూ చేశాను. ఏడాది పాటు డ్రమ్ము వాడి, మళ్లీ క్యాన్లకే వచ్చాను.

డ్రమ్ము దండగని మాత్రం అనను. లీటరు లెక్కన చవక, ఖాళీ క్యాన్ల గుట్ట ఉండదు. పెద్ద బండ్లకు వెయ్యి లీటర్ల డీజిల్‌కి 30 నుంచి 50 లీటర్ల డీఈఎఫ్ పడుతుంది. నెలకు ఐదారు వేల లీటర్ల డీజిల్ కాల్చేవాళ్లకు 200 లీటర్ల డ్రమ్ము నెల తిరిగేసరికి ఖాళీ. నావి దగ్గర తిరుగుళ్లు, అందుకే రెండు నెలలు పట్టేది.

రెండు నెలల్లో ద్రవం పాడైపోతుందా అంటే, కాదు. సీలు తియ్యకుండా నీడలో, 30 డిగ్రీల లోపు ఉంచితే ఏడాది ఆగుతుంది. 35 డిగ్రీల వేడిలో ఆరు నెలలు. నన్ను భయపెట్టింది గడువు కాదు, మూత. డ్రమ్ము ఖాళీ అయ్యేలోపు ఆ మూత ఎన్నిసార్లు తెరుస్తాం, ఎన్ని చేతులు, ఎన్ని గరాటులు దాన్ని తాకుతాయి? నా దృష్టిలో తేలాల్సింది ఇదొక్కటే.

డీఈఎఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలన్నీ తీసేసిన నీళ్లు. కిలోకి అర మిల్లీగ్రాము మించి కాల్షియం ఉండకూడదని ఐఎస్ఓ 22241 ప్రమాణం. అదెంత తక్కువో చూడండి: లీటరుకు 60 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న కుళాయి నీళ్లు గ్లాసెడు, 20 లీటర్లలో కలిస్తే చాలు, హద్దు దాటిపోతుంది. బకెట్ కడిగి సరిగ్గా వంచకపోయినా అంతే. ఖనిజాలు యూరియాలాగా వేడికి విడిపోయి గ్యాసుగా పోవు, సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్టు మీదే పేరుకుంటాయి. అది పాడైతే అయ్యే ఖర్చు ముందు డ్రమ్ముతో ఆదా అయిందెంత?

ఒక సాయంత్రం షెడ్డులో మా క్లీనరు కుర్రాడు గరాటు పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడ్డాడు. మూత పక్కనే తీసి ఉంది.
"తుడిచావురా?"
"తుడిచానన్నా, ఇదిగో," అని భుజం మీది గుడ్డ చూపించాడు. పొద్దున డీజిల్ ఫిల్టరు మార్చినప్పుడు చేతులు తుడుచుకున్న గుడ్డ అది.
డ్రమ్ములోంచి పైపైన కొంచెం గాజు సీసాలోకి తీసి వెలుతురుకి ఎత్తి చూశాను. నీళ్లలా ఉండాల్సిన దాని మీద సన్నటి రంగుల పొర. అంతకుముందు కూడా అదే గరాటు తిరిగి డ్రమ్ములోకి వంచాడన్నమాట. రిఫ్రాక్టోమీటర్ పెడితే 32.5 చూపించింది! అది చెప్పేది యూరియా శాతమే, అందులో ఇంకేం కలిసిందో దానికి పట్టదు. మిగిలిన అరవై లీటర్లూ పక్కన పెట్టేశాం. బండిలోకి పోనందుకు సంతోషించాను. డీజిల్ తగిలితే పంపు సీళ్లు ఉబ్బిపోతాయి.

క్యాన్‌తో ఈ తంటా లేదు. దాని ముక్కు దానికే ఉంటుంది. తెరవడం, పోయడం, అయిపోవడం. నేను 10 లీటర్లదే తెప్పిస్తాను. 20 లీటర్లదైతే దాదాపు 22 కిలోలు, ఎత్తి పోసేటప్పుడు సగం కింద పోతుంది. ఒలికిన చోట ఎండాక తెల్లగా ఉప్పులా గడ్డకడుతుంది, వైరింగు కనెక్టర్లలోకి పాకుతుంది. వెంటనే నీళ్లు కొట్టాలి. చేతికి తగిలితే కడుక్కుంటే సరి, విషమేం కాదు. కళ్లలో పడితే మాత్రం చాలాసేపు నీళ్లతో కడగాలి.

దారిలో బంకులో డీఈఎఫ్ పంపు ఉంటే భేషుగ్గా పట్టించుకోండి. వెయ్యి లీటర్ల ట్యాంకులు పెద్ద కంపెనీల సంగతి. ఇంట్లో కలుపుకునేవాళ్లతో నాకు వాదన లేదు, ఎరువుల యూరియా పొలానికే.

డ్రమ్మే కావాలంటే గరాటు మానేయండి. పైపు డ్రమ్ముకే బిగించి ఉండే పంపు పెట్టండి. ఫిట్టింగులు ప్లాస్టిక్కో స్టెయిన్‌లెస్ స్టీలో అయ్యుండాలి. ఇత్తడి, రాగి, జింకు పూత వేసినవి వద్దు. ఎవరైనా పొరపాటున డీఈఎఫ్ డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం తిప్పొద్దు. తిప్పితే డీజిల్ పంపు దాన్ని లోపలికి లాగేస్తుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి.

క్యాన్లకూ ఒక లోపముంది: వాడేసిన వాటిలో నకిలీ నింపి అమ్ముతారు. కొనేటప్పుడు సీలు, బ్యాచ్ నంబరు, తేదీ చూస్తాను. ఖాళీ అయినవి పాత సామాన్లవాడికి ఇచ్చేముందు మా కుర్రాడు ఒక్కోదానికీ అడుగున మేకుతో చిల్లు పొడుస్తాడు.