మామిడికాయ తొక్కుకు ఏ కారం: చపాటానా, తేజనా?

ఎనుమాముల మార్కెట్ ఉన్న వరంగల్‌లో మిర్చికి కరువు లేదు, ఏది పట్టించాలన్నదే పంచాయితీ. చపాటా అంటే మనోళ్లు టమాట మిర్చి అనేది, పొట్టిగా లావుగా ఉంటుంది, 2025లో జీఐ గుర్తింపు (ఈ పంట ఈ ప్రాంతానిదే అని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, అందుకే ఆరు గ్లాసుల ముక్కలకు గ్లాసున్నర కారం పోసినా పిల్లలు కూడా తింటారు, పైకి తేలిన నూనె ఎరుపు చూస్తేనే వేడన్నం కలుపుకోవాలనిపిస్తది. కాకపోతే ధర ఎక్కువ.

తేజ సన్నగా ఉంటుంది, నోరు మండిస్తుంది. అదే ముక్కలకు ముప్పావు గ్లాసు చాలు, కానీ కారం తగ్గితే గుజ్జు తగ్గుతుంది, ఇక ముక్కకు పట్టేదేముంది? ఆవపిండి, అల్లం వెల్లుల్లి ముద్ద పెంచుకోవాలి.

ఏదైనా సరే తొడిమలు తీసి, గలగలలాడేదాకా ఎండబెట్టి గిర్నీకి పంపండి (మనకంటే ముందు ధనియాలు పట్టించారేమో అడగండి, ఆ వాసన పోదు). ఉప్పు మాత్రం తగ్గించొద్దు, బూజు పడుతుంది.

నా ఓటు మామిడికాయకు చపాటాకే, అందులో పావు వంతు తేజ కలిపి. నిమ్మకాయ తొక్కుకైతే ఉత్త తేజనే.