వంద మీటర్ల గురికి .22 తూటా: ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ ఎలా ఉందంటే

వరంగల్ నుంచి సుమారు 145 కిలోమీటర్లు పోయి, నెలకో రెండు నెలలకో ఓసారి హైదరాబాద్ రేంజిలో కాల్చేవాళ్లు తూటా కొనేటప్పుడు ముందు చూసేది వేగం. డబ్బా మీద ‘హై వెలాసిటీ’ అని ఉంటే దూరానికి అదే మేలని అనుకుంటారు. .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న రైఫిల్ తూటా) విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది.

ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ జర్మనీ తయారీ. 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల సీసపు గుండు. కంపెనీ చెప్పే వేగం సెకనుకు 327 మీటర్లు. హై వెలాసిటీ రకమైన సీసీఐ మినీ మ్యాగ్‌లోనూ 40 గ్రెయిన్లే, వేగం మాత్రం 376. మన మే ఎండలో, 40 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం 355. మినీ మ్యాగ్ దాన్ని దాటి బయల్దేరి, వంద మీటర్లు చేరేలోపే దాని కిందికి పడిపోతుంది. ధ్వని వేగమనే ఆ గీత దగ్గర గాలి నిరోధం బాగా ఎక్కువ. అందుకే గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో వంద మీటర్లకు స్టాండర్డ్ ప్లస్ 11 సెంటీమీటర్లు పక్కకు జరిగితే, మినీ మ్యాగ్ 14 దాకా జరుగుతుంది. వేగంగా పోయేదే ఎక్కువ కొట్టుకుపోతుందన్నమాట. ఎండ ముదిరితే ధ్వని వేగమూ పెరుగుతుంది కాబట్టి స్టాండర్డ్ ప్లస్‌కు ఆ గీత మరింత దూరమవుతుంది. మన వేసవి చేసే మేలు బహుశా ఇదొక్కటే.

అసలు చూడాల్సింది, డబ్బాలోని 50 తూటాలూ ఒకే వేగంతో పోతున్నాయా అని. రెండు తూటాల మధ్య సెకనుకు 6 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర దెబ్బ 4 మిల్లీమీటర్లే ఎగుడుదిగుడవుతుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లు కనుక అక్కడ నెట్టుకురావచ్చు. అదే తేడా వంద మీటర్లకు 2 సెంటీమీటర్లు, 200కు 7 సెంటీమీటర్ల దాకా పోతుంది. స్టాండర్డ్ ప్లస్ వంద దాకా నిలబడుతుంది. 200 మీటర్లకు లాపువా సెంటర్-ఎక్స్ లాంటి పై మెట్టు తూటా కావాలి. ఎప్పుడో ఓసారి కాల్చేవాళ్లకు ఆ ఖర్చు దండగ.

కొనే ముందు లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు, రాసుకోండి. పేరు ఒకటే అయినా లాట్ మారితే రైఫిల్ మొహం చాటేయొచ్చు. మూడు లాట్లలో ఒక్కో డబ్బా తీసుకోండి. బ్యారెల్‌లో పాత తూటాల గుండు మీది మైనం పోయి కొత్తది పట్టడానికి ముందు 15, 20 రౌండ్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయాలి. ఆ తర్వాత పదేసి రౌండ్ల గ్రూపులు (ఒకే గురికి కాల్చిన దెబ్బల గుంపులు) రెండు కాల్చి, ఎంత వెడల్పున పడ్డాయో కొలవండి. ఐదు రౌండ్ల గ్రూపు అదృష్టం కొద్దీ కూడా దగ్గరగా పడొచ్చు. నచ్చిన లాట్ దొరికితే లైసెన్సులో రాసిన పరిమితి మేరకు అదే కొనిపెట్టుకోండి.

50 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తగిలేలా సరిచేసిన, రైఫిల్‌తో వందకు కాలిస్తే గుండు సుమారు 22 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 0.1 మిల్ క్లిక్కుల (ఒక్కో క్లిక్కుకు వంద మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు జరిగే) స్కోపైతే 22 క్లిక్కులు. 200 మీటర్లకు దిగుడు ఒకటిన్నర మీటరు దాటుతుంది. చవక స్కోపులో అంత తిప్పుడు మిగలకపోవచ్చు, స్కోపును కాస్త కిందికి వంచి పట్టే 20 ఎంఓఏ (కోణం కొలత) రైలు వేసుకుంటే కుదురుతుంది.

దీనితో వచ్చే చిక్కు మైనమే. గుండు బయట పూత కాబట్టి, ఎండలో ఆపిన కారు డిక్కీలో డబ్బా వదిలేస్తే కరిగి జారుతుంది. ఆ జిగురుకు దుమ్ము అంటితే చాంబర్‌లోకీ బ్యారెల్‌లోకీ అదే పోతుంది. కింద పడిన తూటాను తుడిచి మళ్లీ పెట్టకండి, పక్కన పడేయండి.

రిమ్‌ఫైర్‌లో, అంటే .22 లాగా అడుగు అంచు మీద కొడితే పేలే తూటాల్లో, అప్పుడప్పుడు పేలని తూటా తగులుతుంది. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి బోల్ట్ తీయండి. చప్పుడు మామూలు కంటే మెత్తగా వచ్చిందా, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. రేంజి ఆఫీసర్‌ను పిలిచి, తుపాకీ ఖాళీ చేసి, శుభ్రం చేసే కడ్డీ దూర్చి చూసే దాకా రెండోది ఎక్కించకూడదు.