సీ5 వరుస కోసమే: ఐదేళ్లుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో

డ్రైవ్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అంటే నాకింత ఇష్టం కలగడానికి కారణం అందులోని ఒకే ఒక్క వరుస, సీ5. టెంపరేచర్, డ్రైవ్ ఎన్ని గంటలు తిరిగింది లాంటివి ఎప్పుడో గానీ చూడను.

ఇన్‌స్టాల్ చేసి ఐదేళ్లయినా, మొదటి రెండేళ్లు తెరిచిందే లేదు. అప్పట్లో నా నమ్మకమంతా విండోస్ సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ మీద. పాత ల్యాప్‌టాప్‌లో బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడల్లా ఆ కమాండ్ కొట్టేదాన్ని. పాడైన ఫైళ్లు దొరికాయి, బాగుచేశాం అని మెసేజ్ వచ్చేది. రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే. ఇది ఉంటే చాలని ఇంట్లో అందరికీ చెప్పాను కూడా.

నెలలో మూడోసారి అదే మెసేజ్ వచ్చేసరికి అనుమానం మొదలైంది. అది ఏం చేసిందో రాసి ఉండే సీబీఎస్ లాగ్ తెరిచి చూస్తే, మొన్న బాగుపడ్డవి బాగానే ఉన్నాయి, ఈసారి పాడైనవి వేరే ఫైళ్లు. వైరస్ స్కాన్‌లో ఏమీ లేదు. విండోస్‌ను బాగుచేసే మరో కమాండ్ డిస్మ్ రిస్టోర్‌హెల్త్ నడిపితే మధ్యలోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. డ్రైవ్ బాగుంటే నీలంగా ఉండాల్సిన పెట్టె పసుపు రంగులో ఉంది. సీ5 వరుస చివర బోలెడు సున్నాల తర్వాత బీ8. అది హెక్స్ (పదహారు గుర్తులతో రాసే) లెక్క అని తెలియడానికే కాసేపు పట్టింది. మామూలు అంకెల్లో 184. అంటే చదవలేకపోయి, ఏం చెయ్యాలో తేలక డ్రైవ్ పక్కన పెట్టుకున్న సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న గడులు, 184.

మర్నాడు పొద్దున చూస్తే ఎఫ్0, అంటే 240. ఒక్క రాత్రిలో 56 పెరిగాయి. ఆ అంకె చూశాక కడుపులో దేవినట్టయింది. ఎస్‌ఎఫ్‌సీ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. సిస్టమ్ ఫైళ్లను సరిపోల్చి, తేడా ఉంటే మంచి కాపీ తెచ్చి పెడుతుంది. కింద డిస్కే పోతోందని చెప్పడం దాని పని కాదు. నా ఫొటోలు దాని లెక్కలోకే రావు.

డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కమాండ్ నడుపుదామని చెయ్యి లాగింది గానీ ఆగాను. అది ప్రతి సెక్టారునూ చదివిస్తుంది, ఊపిరి అందని డ్రైవ్‌ను పరుగెత్తించినట్టే. ముందు ఫొటోలు, తర్వాత డాక్యుమెంట్లు, ఒక్కో ఫోల్డరూ బయటి డ్రైవ్‌కు కాపీ చేశాను. ఒక ఫోల్డర్ 62 శాతం దగ్గర ఆగి, లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు. దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్లాను. నాలుగో రోజుకు ఆ డ్రైవ్ బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్‌లో) కూడా కనిపించలేదు. పోయింది ఆ ఒక్క ఫోల్డరే.

అలాగని నీలం రంగు కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చని అనను. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ డ్రైవ్‌ల మీద చేసిన అధ్యయనంలో, పాడైన వాటిలో 56 శాతానికి పైగా డ్రైవ్‌లు ముఖ్యమైన నాలుగు స్మార్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) గుర్తుల్లో ఒక్కటీ చూపించలేదు. నా బయటి డ్రైవ్‌లలో ఒకదాని పైడబ్బా (కేసు) స్మార్ట్ వివరాలను అసలు బయటికే పంపదు, ఈ ప్రోగ్రామ్‌లో అది కనిపించనే కనిపించదు. రెసిడెంట్ (వెనకాల నడుస్తూ ఉండడం), స్టార్టప్ (విండోస్‌తో పాటే మొదలవడం) ఆప్షన్లు ఆన్ చేసుకోకపోతే మనం తెరిచినప్పుడే తప్ప తనంతట తాను హెచ్చరించదు. నేను రెండేళ్లు అలాగే పోగొట్టుకున్నాను. రా వాల్యూస్‌ను, అంటే వరుస చివరి అంకెలను, హెక్స్ నుంచి మామూలు అంకెలకు (డెసిమల్‌కు) మార్చుకునే ఆప్షన్ మెనూలో బాగా లోపల ఉంది, ముందు అది మార్చుకోండి.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్కు లేని డ్రైవ్. అందులో సీ5 వరుసే లేదు, పైన ఆరోగ్యం శాతం కనిపిస్తుంది. ఆ శాతం మీద నాకింకా గురి కుదరలేదు. పాత ఫొటోలన్నీ తిరిగే డ్రైవ్‌ల మీదే ఉన్నాయి కాబట్టి నాకు మాత్రం ఇది తప్పదు. అన్నీ క్లౌడ్‌లో దాచుకునేవాళ్లకు ఇంత అవసరం ఉండకపోవచ్చు. కానీ ఎస్‌ఎఫ్‌సీ రెండోసారి ఫైళ్లు బాగుచేశానని చెబితే, మూడోసారి దాకా ఆగకుండా ఒక్కసారి సీ5 చూడండి.