4కే డిస్కు నుంచి టీవీకి: మూడేళ్లు మార్చి చూశాక

మా బావ అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా నాలుగైదు 4కే బ్లూరే డిస్కులు తెస్తాడు. వీటికి పాత బ్లూరేలలాగా రీజియన్ గొడవ (ఒక దేశపు డిస్కు ఇంకో దేశపు ప్లేయర్‌లో ఆడకపోవడం) లేదు. ప్లేయర్ కొనకుండా, కంప్యూటర్‌కి ఒక డ్రైవ్ తగిలించి, సినిమాని ఎంకేవీ (బొమ్మ, ఆడియో, సబ్‌టైటిల్స్ అన్నీ ఒకేచోట ఉండే) ఫైలుగా చేసి, హార్డ్‌డిస్కులో పెట్టి టీవీలో చూస్తున్నాను. మూడేళ్లయింది.

మొదటి ఏడాదంతా వీడియోలు కుదించే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తోనే గడిచింది. ఉచితం, వాడడం తేలిక. దాన్ని ఏమీ అనను, తప్పులన్నీ నావే. 60, 70 జీబీ ఉన్న సినిమాని 20కి కుదించాలని నా ఆశ. ఎన్‌కోడర్ల (వీడియోని కుదించే పద్ధతుల) జాబితాలో హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, కనబడగానే నొక్కేశాను. అదే జాబితాలో 10 బిట్ అని ఇంకోటి ఉందని చూసుకోలేదు. రాత్రంతా ఫ్యాన్ రొద. పొద్దున పెట్టి చూస్తే సూర్యాస్తమయం సీన్లో ఆకాశమంతా మెట్లు మెట్లుగా చారలు. హెచ్‌డీఆర్ (వెలుగునీడలు మరింత విస్తారంగా చూపించే) బొమ్మని 8 బిట్లలోకి దించితే రంగుల మధ్య మెట్లు తగ్గిపోతాయి, అంతే.

తర్వాత 10 బిట్, స్లో ప్రీసెట్ (నెమ్మదిగా చేసే సెట్టింగు), నాణ్యత 18 (అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు) పెట్టాను. బొమ్మకి వంక పెట్టలేం. కానీ నా పాత ప్రాసెసర్ సెకనుకి ఐదు ఫ్రేములు చేస్తే గొప్ప. రెండుంబావు గంటల సినిమాలో 1,94,000కి పైగా ఫ్రేములుంటాయి, అంటే దాదాపు పదకొండు గంటలు. తొమ్మిదో గంటలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. ఒకే సినిమాకి రెండుసార్లు అలా అయ్యాక యూపీఎస్ కొన్నాను. ఆ డబ్బులు ఇంకో హార్డ్‌డిస్కు మీద పెట్టుంటే అసలు కుదించే పనే ఉండేది కాదని చాలా ఆలస్యంగా తట్టింది.

నిజానికి టీవీకి వీడియోతో పేచీ లేదు. డిస్కులో ఉన్నదీ హెచ్‌ఈవీసీయే, టీవీ చదివేదీ అదే. పేచీ అంతా ఆడియోతో. ట్రూహెచ్‌డీ (డాల్బీ వాళ్ల పెద్ద ఆడియో రకం) ట్రాక్ ఉంటే మా టీవీలో బొమ్మ వస్తుంది, మాట రాదు. బ్లూరేలో ట్రూహెచ్‌డీ వెంట మామూలు డాల్బీ డిజిటల్ కూడా తప్పనిసరిగా ఉంటుందని తెలియక నెలల తరబడి ఆడియో మార్చుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు ఎంకేవీ చేసేటప్పుడే దానికి టిక్ పెడతాను. డీటీఎస్ (ఇంకో ఆడియో రకం) మాత్రమే ఉన్న సినిమాలకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోని కాపీ అని వదిలేసి, ఆడియోని 640 కేబీపీఎస్ ఏసీ3 (అదే డాల్బీ డిజిటల్) చేస్తాను. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వీడియోని ఉన్నదున్నట్టు వదలదు కాబట్టి ఈ పనికి రాదు.

సబ్‌టైటిల్స్ ఇంకో తలనొప్పి. డిస్కులో అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్‌తో) ఎస్‌ఆర్‌టీ అనే టెక్స్ట్ ఫైలుగా మారిస్తే ఇంగ్లిష్ పెద్ద ఐ, చిన్న ఎల్ కలిసిపోతాయి. కూర్చుని దిద్దుకోవాల్సిందే.

డాల్బీ విజన్ (సీన్‌ని బట్టి వెలుగు సర్దే హెచ్‌డీఆర్ రకం) మోజూ తీరింది. డిస్కులో ఉండేది రెండు పొరల ప్రొఫైల్ 7. మా టీవీ దాన్ని మామూలు హెచ్‌డీఆర్10గానే చూపిస్తుంది. డోవీ టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే పొర ఉండే ప్రొఫైల్ 8.1కి మార్చి ఎంపీ4లో పెట్టి చూశాను. ఒకటి రెండు సినిమాల్లో చీకటి సీన్లు తేటగా అనిపించాయి. మిగతావాటిలో ఏది ఏదో నేనే చెప్పలేకపోయాను. మానేశాను.

నెట్‌వర్క్‌లో చూసేవాళ్లకి ఒక మాట. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. డిస్కు వీడియో ఒక్కోచోట అంతకు మించి ఎగురుతుంది, అక్కడ ఆగుతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై నయం.

హ్యాండ్‌బ్రేక్‌ని ఇంకా తీసేయలేదు, కారణం అమ్మ. ఊళ్లో ఇంట్లో ఉన్నది 32 అంగుళాల చిన్న టీవీ. హెచ్‌డీఆర్ ఫైలే పట్టుకెళ్లి పెడితే, “ఏంట్రా, కరెంటు లేని ఇంట్లో తీశారా ఈ సినిమా?” అంది. అప్పటినుంచి హ్యాండ్‌బ్రేక్‌లో కలర్‌స్పేస్ ఫిల్టర్‌ని బీటీ.709కి (మామూలు హెచ్‌డీ టీవీ రంగులకి) పెట్టి, 1080పీకి దించి, హెచ్‌డీఆర్ తీసేసి ఇస్తున్నాను. పైగా ఆ టీవీ ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ తప్ప చదవదు, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇక సంక్రాంతి దగ్గర పడితే వారం రోజుల పాటు రాత్రుళ్లు కంప్యూటర్ రొద పెడుతూనే ఉంటుంది, ఆ యూపీఎస్ మీదే.