మూడొందల వాటర్‌ప్రూఫ్ పౌచ్: ఫోన్ తడవదు సరే, ఫోటో వస్తుందా?

ఎండలు ముదిరేసరికి కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనో, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరో, కడప వై.వి. స్ట్రీట్‌లోనో ఫోన్ కవర్లు అమ్మే కొట్ల ముందు మెడతాళ్లతో వేలాడుతూ కనిపించే పారదర్శక సంచి ఇది. ధర 200 నుంచి 400 లోపు. అట్టపెట్టె మీద రంగురంగుల పగడాలు, సొరచేపలు, ‘30 మీటర్లు’ అన్న అంకె ఉంటాయి. మన దగ్గర వాడేది బాయిలోనో, కోనేట్లోనో, రిసార్ట్ ఈతకొలనులోనో కాబట్టి ఆ లెక్కలోనే దీన్ని చూద్దాం. నడుములోతు నుంచి నిలువులోతు వరకు ఈ పౌచ్ డబ్బుకు సరిపడా పని చేస్తుంది. ఫోన్‌ను కాపాడటంలో ఇది ఎంత నమ్మకమైనదో, ఫోటో తీయడంలో అంత మొండిది.

ముందు కొనేటప్పుడు చూడాల్సినవి. 6.7 అంగుళాల ఫోన్ పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు, వెడల్పు 8కి కాస్త తక్కువ. లాక్ పట్టీ కింద అంచు నుంచి ఇంకో 2 సెంటీమీటర్లయినా ఖాళీ మిగలాలి. బిగుతుగా దూర్చితే ఫోన్ మూల లాక్‌ను లోపల నుంచి నెడుతూ ఉంటుంది. వెనక కవరు, పట్టుకోసం అంటించే పాప్‌సాకెట్ బిళ్ల, కార్డు పెట్టుకునే పర్సు అన్నీ తీసేసి కొలవండి. లాక్ రెండు రకాలు. ఒకటి జిప్ మూసి రెండు మూడు మడతలు వేసి వెల్క్రో అంటించేది. రెండోది గట్టి ప్లాస్టిక్ క్లిప్పులో పౌచ్ నోరు ఇరికించి, రెండు మరలు అడ్డంగా తిప్పేది. ఈ రెండోదే తీసుకోండి. వెల్క్రోకు ఇసుక పట్టుకుంటుంది, నెలకే పట్టు పోతుంది. పౌచ్ వెనక వైపు కూడా పూర్తిగా పారదర్శకంగా ఉందో లేదో చూడాలి. కొన్నిటికి కెమెరా దగ్గర చిన్న కిటికీ మాత్రమే ఉంటుంది, అది మీ ఫోన్ కెమెరాకు సరిగ్గా ఎదురుపడదు.

ఇక పెట్టె మీద నీటి రక్షణ గ్రేడుగా ఐపీఎక్స్8 అని రాసుంటే దాని అర్థం మీటరు కంటే ఎక్కువ లోతులో, తయారీదారు చెప్పిన షరతుల్లో నీళ్లు పోలేదని. లోతెంత, సేపెంత అన్నది ఆ అక్షరాలు చెప్పవు. పైగా ఆ పరీక్ష కదలని నీళ్లలో జరుగుతుంది. మన బాయిల్లో కదలని నీళ్లు ఎక్కడివి, ఒడ్డు మీంచి ఒకడి తర్వాత ఒకడు దూకుతుంటే?

అసలు పౌచ్‌లు కారేది లోతు వల్ల తక్కువ. మెత్తటి సంచి కాబట్టి బయట ఒత్తిడి పెరిగిన కొద్దీ లోపలి గాలి కూడా కుదించుకుని సమానమవుతుంది, లాక్ మీద పెద్ద భారం పడదు. ప్రమాదం రెండు చోట్ల ఉంది. మొదటిది, మెడలో పౌచ్ వేసుకుని గట్టు మీంచి దూకడం. నీటికి తగిలిన ఆ ఒక్క దెబ్బకు లాక్ క్షణంపాటు విచ్చుకుంటుంది, రెండు చుక్కలు చాలు. దూకేవాళ్లు దూకాక, మెట్ల మీద ఉన్న మనిషి చేతికి అందించాలి. రెండోది, మూసేటప్పుడు లాక్‌లో ఇరుక్కునే వెంట్రుక, దారప్పోగు, ఇసుక రేణువు. వెంట్రుక పక్కన మిగిలే సందు కంటికి కనిపించదు, నీళ్లకు కనిపిస్తుంది.

అందుకే ఫోన్ పెట్టేముందు ఖాళీ పరీక్ష తప్పనిసరి, కొన్న రోజే కాదు, వాడే ప్రతిసారీ. ఫోన్ సైజున్న కడప బండ ముక్క ఒకటి తీసుకుని, అంచులు గుచ్చుకోకుండా పొడి టిష్యూ పేపరు రెండు మూడు చుట్లు చుట్టండి. పౌచ్‌లో పెట్టి లాక్ వేసి, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు పట్టి అడుగున 30 నిమిషాలు ఉంచండి. బకెట్ లోతు చాలదు. మధ్యలో రెండుసార్లు చేతితో పిసికి వదలండి. తీశాక పౌచ్ బయట పూర్తిగా తుడిచాకే తెరవాలి, లేకపోతే తెరిచేటప్పుడు పడిన చుక్కను చూసి పౌచ్ కారిందనుకుంటారు. టిష్యూ మీద లాక్ వైపు ఎక్కడైనా ముదురు మరక కనిపిస్తే ఆ పౌచ్‌ను డబ్బులు, తాళాలు పెట్టుకోవడానికి వాడుకోండి.

ఇప్పుడు దీని అసలు పేచీకి వద్దాం. ఫోన్ తేలాలంటే పౌచ్‌లో గాలి ఉండాలి, ఫోటో బాగా రావాలంటే గాలి ఉండకూడదు. 200 గ్రాముల ఫోన్ దాదాపు 100 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. మిగతా 100 గ్రాములను మోయడానికి ఇంకో 100 మిల్లీలీటర్ల గాలి, అంటే చిన్న టీ గ్లాసెడు కావాలి. అంత గాలి నింపితే ప్లాస్టిక్ ఉబ్బి లెన్సుకు దూరంగా వంపు తిరుగుతుంది, బొమ్మ మసకబారుతుంది, కెమెరా చుట్టూ ఉన్న మెరుపు రింగు ప్రతిబింబం తెల్లటి వలయంగా పడుతుంది. గాలంతా పిండేస్తే ఫోటో శుభ్రంగా వస్తుంది, చెయ్యి జారితే ఫోన్ అడుగు బురదలోకి పోతుంది. మధ్యేమార్గంగా కొంచెం గాలి ఉంచితే చాలదా అనుకోవద్దు. 2 మీటర్ల లోతుకు పోయేసరికి లోపలి గాలి ఆరో వంతు కుదించుకుపోతుంది, 10 మీటర్లకు సగమవుతుంది. పైన తేలిన పౌచ్ కింద తేలకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం సులువే: గాలి పిండేసి, పౌచ్‌కు నీటిలో తేలే ఫోమ్ రిస్ట్ స్ట్రాప్ (మణికట్టు పట్టీ) కట్టండి. కొన్ని పౌచ్‌లకు అంచు చుట్టూ గాలి గొట్టం ఉంటుంది, ఫోన్ ఉన్న గది మాత్రం విడిగా ఉంటుంది. అది కూడా మంచి పద్ధతే, కాకపోతే జేబులో పట్టదు. మెడతాడు మాత్రం ఈత కొట్టేటప్పుడు వద్దు, చెట్టు వేరుకో మోటారు పైపుకో చిక్కుకుంటే మనిషికే ప్రమాదం.

నీళ్లలో టచ్ పని చేయదు. స్క్రీన్ వేలిలోని విద్యుత్ ధర్మాన్ని పసిగట్టి పని చేసేది, నీరు కూడా అలాంటి వాహకమే. లోతుకు పోయాక ప్లాస్టిక్ స్క్రీన్‌కు అతుక్కుని, ఫోన్ తనంతట తాను జూమ్ పెంచేస్తుంది, వీడియో ఆపేస్తుంది, సెల్ఫీ కెమెరాకు మారిపోతుంది. కాబట్టి అన్ని సెట్టింగులూ ఒడ్డు మీదే పూర్తి చేయాలి. సెట్టింగుల్లో వాల్యూమ్ బటన్‌ను షట్టర్‌గా పెట్టండి. ఐఫోన్‌లో అది ముందే అలా ఉంటుంది. స్క్రీన్ ఆరిపోయే సమయం వీలైనంత పెంచండి. ఫ్లైట్ మోడ్ వేయండి, వీడియో మధ్యలో ఫోన్ కాల్ వస్తే రికార్డింగ్ ఆగవచ్చు. ఫ్లాష్ ఆపేయండి, నీటిలోని మట్టి రేణువులన్నీ దానికి మంచు కురిసినట్టు మెరుస్తాయి. అల్ట్రా వైడ్ వద్దు, పౌచ్ అంచులు మూలల్లో పడతాయి, మామూలు 1ఎక్స్ జూమ్‌లోనే ఉంచండి. మీటరు దూరంలో ఏదైనా వస్తువు మీద స్క్రీన్ నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేయండి, లేకపోతే కెమెరా పౌచ్ మీది బుడగలను వెతుక్కుంటూ కూర్చుంటుంది. వేలిముద్ర లాక్ పౌచ్‌లోంచి తెరుచుకుంటుందని నమ్మొద్దు. పవర్ బటన్ పొరపాటున నొక్కి స్క్రీన్ ఆరిపోతే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే బటన్ రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది, ఆ సౌకర్యం ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

కొత్తవాళ్లకు ఫోటో కంటే వీడియో మేలు. గట్టు మీదే రికార్డింగ్ మొదలుపెట్టి, ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుని దిగండి, పైకొచ్చాక ఆపండి. నచ్చిన క్షణాన్ని తర్వాత ఫోటోగా తీసుకోవచ్చు. శబ్దం మీద ఆశ వద్దు, ప్లాస్టిక్ గరగరలే వినిపిస్తాయి. మునిగిన వెంటనే లెన్సు మీద బొటనవేలితో ఒకసారి తుడవాలి, బయట అంటుకున్న బుడగలు పోతాయి. తీసేటప్పుడు రెండు వేళ్లతో కెమెరా పక్కన ప్లాస్టిక్‌ను లాగి పట్టుకుంటే కిటికీ లెన్సుకు సమతలంగా ఆనుతుంది. బొమ్మ నాణ్యతలో ఈ ఒక్క పనికే పౌచ్ ధర కంటే ఎక్కువ తేడా వస్తుంది.

నీటి సంగతి. మహానంది కోనేరు (2022లో కర్నూలు నుంచి విడిపోయిన నంద్యాల జిల్లాలో ఉంది) లాంటి ఊట నీళ్లు ఈ పౌచ్‌కు దొరికే అత్యుత్తమ పరీక్షాస్థలం. సుమారు 5 అడుగుల లోతు, అడుగున పడ్డ నాణెం కూడా కనిపించేంత తేట. అయితే అది స్నానం చేసే చోటు. దేవస్థానం వాళ్ల అనుమతి అడగకుండా, పక్కవాళ్లు ఫ్రేములో పడేట్టు తీయడం మర్యాద కాదు. తుంగభద్రలో వరదనీరు ఉన్నంత కాలం, కె.సి. (కర్నూలు-కడప) కాలువలో నీళ్లు పారేటప్పుడు ఏ పౌచ్ అయినా ఒకటే, ఎర్రటి తెర తప్ప ఏమీ పడదు. పారే కాలువలో ఫోన్ పట్టుకుని దిగడమే తప్పు.

బాయిలో కష్టం వెలుతురుతో. ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో మన మూడు ఊళ్లలో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, అదీ పన్నెండుంబావు ప్రాంతంలో. ఇరుకు బాయిల్లో ఎండ నీటి అడుగు దాకా నిలువుగా దిగేది ఆ అరగంట, ముప్పావుగంట మాత్రమే. పొద్దు వాలాక నీటి పైనే చాలా కాంతి తిరిగిపోతుంది. నీటిలో ఎరుపు మొదట మాయమవుతుంది, పాచి ఉన్న బాయిలో అంతా పచ్చగా తేలుతుంది. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే, రంగుల వెచ్చదనాన్ని సర్దే వైట్ బ్యాలెన్స్‌లో కెల్విన్ అంకె పెంచండి, మిగతాది ఎడిటింగ్‌లో పచ్చదనం తగ్గించి ఎరుపు కలుపుకోవచ్చు. మీటరు దూరంలోని చేప ముప్పావు మీటరులోనే ఉన్నట్టు పెద్దగా కనిపిస్తుంది, దాన్ని చూసి వెనక్కు జరగొద్దు. మీకూ దానికీ మధ్య ఎంత తక్కువ నీరుంటే అంత తేటగా వస్తుంది.

తడిచేత్తో ఫోన్ పెట్టి మూస్తే పది నిమిషాల్లో లోపల ఆవిరి పట్టి బొమ్మలన్నీ పొగమంచులో తీసినట్టుంటాయి. చేతులు, పౌచ్ పొడిగా తుడుచుకుని నీడలో మూయండి, తేమ పీల్చే గ్రాము సిలికా జెల్ పొట్లం ఒకటి లెన్సుకు దూరంగా వేయండి. వేడి కూడా చూసుకోవాలి. ఐఫోన్‌కు కంపెనీ చెప్పే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే, అనంతపురం మే నెల 40 దాటుతుంది. గాలాడని సంచిలో పెట్టి గట్టు బండ మీద ఎండలో వదిలేస్తే కెమెరా యాప్ తనే మూసుకుంటుంది. తడి తువ్వాలు కింద పెట్టండి.

మా ఫోన్‌కే ఐపీ68 నీటి రక్షణ ఉంది, పౌచ్ ఎందుకు అనేవాళ్లుంటారు. గెలాక్సీ ఎస్ వరస ఫోన్లకు శాంసంగ్ చెప్పేది మంచినీటిలో 1.5 మీటర్లు, 30 నిమిషాలు. ఐఫోన్ 12, ఆ తర్వాతి చాలా మోడళ్లకు యాపిల్ చెప్పేది 6 మీటర్లు, 30 నిమిషాలు. రెండూ కొత్త ఫోన్‌కే, నీళ్లు పోతే వారంటీ సాధారణంగా వర్తించదు. ఒకసారి స్క్రీన్ మార్చిన ఫోన్‌కు ఆ మాటే లేదు. ఓ-రింగు (నీళ్లు చొరనివ్వని రబ్బరు వలయం), గట్టి డబ్బా ఉన్న డైవింగ్ కేసులు వేలల్లో ఉంటాయి, వాటిలో కొన్నిటి బటన్లు బ్లూటూత్‌తో పని చేస్తాయి. అండమాన్‌లో స్కూబాకు పోయేవాళ్లకు అవి కావాలి, బాయిలో ఈతకు అక్కర్లేదు.

వాడాక కడగడం గురించి. మన బోరు నీళ్ల ఉప్పు, సున్నం ఆరిపోతే కిటికీ మీద తెల్లటి పొర కడుతుంది, గీకితే గీతలు పడతాయి. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లతో కడిగి, లాక్ తెరిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, ప్లాస్టిక్ పసుపెక్కి గట్టిపడుతుంది. మడతల దగ్గర తెల్లటి చార కనిపించినా, మరలు తిప్పితే వదులుగా తిరిగినా ఆ పౌచ్ పని అయిపోయినట్టే.

నీళ్లు లోపలికి పోతే పైకి తెచ్చి ముందు ఆఫ్ చేయండి, వణికించి ఊపకండి, ఛార్జింగ్ పెట్టకండి. బియ్యం డబ్బాలో పెట్టడం మానండి, పొడి పిండి ఛార్జింగ్ రంధ్రంలో చేరుతుంది. సిమ్ ట్రే తీసి, రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాను గాలికి ఒక రోజు ఉంచి, మర్నాడు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.