కార్బురేటర్ మారుతి 800: స్టార్టింగ్ ట్రబుల్, దారిలో ఆగిపోవడం

మాది 1997 మోడల్. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండి. ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంతకు చాలా ముందే దీనికి ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ (కార్బురేటర్ లేకుండా పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మేది) వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు రోడ్డు మీద కనిపించే కార్బురేటర్ 800లన్నీ వయసు మళ్లినవే. మైలేజీ, సీట్లు, సస్పెన్షన్ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే: పొద్దున్నే స్టార్ట్ అవుతుందా, దారిలో ఆగుతుందా?

ఇంజన్ మాత్రం గట్టిది. మాకు వచ్చిన ఇబ్బందులన్నీ ఎండిపోయిన రబ్బరు, తుప్పు పట్టిన ఎర్త్ (ఇంజన్‌ను బ్యాటరీ మైనస్‌కు కలిపే వైరు), పాతబడిన కాయిల్ (ప్లగ్గులకు నిప్పురవ్వ కోసం హై వోల్టేజీ ఇచ్చేది) లాంటివే. చిక్కంతా వాటిని కనిపెట్టడంలో ఉంది. ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మొదట వినిపించే మాట "కార్బురేటర్ క్లీన్ చేద్దాం సార్". పాపం, దాని తప్పు లేనప్పుడు కూడా దాన్నే విప్పుతారు.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఎండాకాలంలో ఆగిపోవడం. రోహిణి కార్తెలో విజయవాడ నుంచి ఏలూరు వెళ్తుంటే, హనుమాన్ జంక్షన్ దాటాక ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోయేది. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఇంటికొచ్చాక మెకానిక్ చూస్తే అంతా బాగానే ఉండేది. పెట్రోల్ పంపు మార్చారు, ఫిల్టర్ మార్చారు, కార్బురేటర్ ఎలాగూ విప్పారు. ఎండకు పైపులో పెట్రోల్ ఆవిరై పంపుకు అందడం లేదని ఒకాయన పంపు మీద తడిగుడ్డ వేయమన్నాడు. పాత బండ్లలో అలా జరిగే మాట నిజమే కానీ, మా బండికి తడిగుడ్డ పని చేయలేదు.

అసలు కిటుకు బండి ఆగే తీరులో ఉంది. పెట్రోల్ అందకపోతే ముందు జర్కులిస్తుంది, పికప్ పోతుంది, తర్వాత ఆగుతుంది. మాది మాత్రం తాళం తీసేసినట్టు టక్కున ఆగేది. ఈసారి ఆగినప్పుడు ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, చేత్తో థ్రాటిల్ తిప్పి, కార్బురేటర్ లోపలికి చూశాను. పెట్రోల్ సన్నటి ధారగా చిమ్మింది, అంటే కార్బురేటర్ తొట్టెలో పెట్రోల్ ఉంది. ఎయిర్ ఫిల్టర్ మళ్లీ మూసి, ఒక ప్లగ్ వైరు పీకి స్పేర్ ప్లగ్గుకు తగిలించి, దాని ఒంటిని ఇంజన్‌కు గట్టిగా ఆనించి పెట్టి, మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. నిప్పురవ్వ లేదు. వేడిగా ఉన్న కాయిల్‌కు అక్కడే మీటరు పెడితే సెకండరీ (లోపలి హై వోల్టేజీ చుట్ట) తెగిపోయినట్టు చూపించింది. అదే కాయిల్ చల్లారాక రీడింగ్ మామూలుగా వచ్చింది! షెడ్డులో దొరకకపోవడానికి కారణం ఇదే, అక్కడికి వెళ్లేసరికి రోగం తగ్గిపోయేది. ఆటోనగర్‌లో కాయిల్ కొని వేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

స్టార్టయి, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఆగిపోయే జబ్బు వేరు. కొంచెం చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది) లాగితే నిలబడుతోందంటే పెట్రోల్ తక్కువవుతోందని, లేదా ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం. ముందు ఇంజన్ ఆపి ఉంచి తాళం ఆన్ చేసి, కార్బురేటర్‌కున్న చిన్న సోలనాయిడ్ (తాళం ఆన్ చేస్తే ఐడిల్ పెట్రోల్ దారి తెరిచే కరెంటు వాల్వు) దగ్గర చెవి పెట్టండి. 'టిక్' అనాలి. అనకపోతే దాని వైరు చూడండి, చాలాసార్లు కనెక్టరే వదులవుతుంది. అది బాగానే ఉంటే వాక్యూమ్ పైపులు వంచి చూడండి, పగుళ్లు బయటపడతాయి. మా బండిలో పగిలినది బ్రొటనవేలంత ముక్క. దాని కోసం ఎన్నిసార్లు ట్యూనింగ్ చేయించామో!

వానాకాలం పొద్దున సెల్ఫ్ బరువుగా తిరిగితే బ్యాటరీ కొనేముందు మల్టీమీటరు తీయండి. ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. మాది పైకి శుభ్రంగానే ఉంది, బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము. గీకి బిగించాక సెల్ఫ్ గిర్రున తిరిగింది. సాధారణ మల్టీమీటరు చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

రెండు వారాలు కదపకుండా ఉంచితే మొదటిసారి కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది. తొట్టెలో పెట్రోల్ ఆరిపోతుంది, ఇంజన్ తిరిగితేనే పంపు మళ్లీ నింపుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. అయితే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది, ఈ కారు రబ్బరు దానికోసం చేసినది కాదు. అందుకే పెట్రోల్ పైపులు కొత్తవి వేయించి, తరచూ తడిమి చూస్తున్నాను. ఇంజన్ ఆయిల్ గేజీకి పెట్రోల్ వాసన వస్తోందేమో కూడా చూస్తాను, పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగితే పెట్రోల్ ఆయిల్‌లోకి దిగొచ్చు.

ప్లగ్గులు, రోటరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ సులువుగానే దొరుకుతున్నాయి. కార్బురేటర్ రిపేరు కిట్లే ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు, పాత నీడిల్ (తొట్టె నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది) బాగుంటే పారేయకండి.

సొంతంగా బోనెట్ ఎత్తే ఓపిక లేనివాళ్లకు ఈ బండి వద్దంటాను. ఓపిక ఉండి కొనాలనుకుంటే, చల్లగా ఉన్న ఇంజన్‌నే చూడండి. మీరు వెళ్లేసరికి బోనెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. వెళ్లిన రోజు అరగంట ఏసీ వేసి తిప్పి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. అప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే బేరం మాట్లాడొచ్చు. ఆర్‌సీ కూడా చూడండి, 15 ఏళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది.