.308కి తోడుగా 9.3×62: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఇప్పటికే .308 గానీ .30-06 గానీ (రెండూ 7.8 మిల్లీమీటర్ల లావు బుల్లెట్ కాల్చే క్యాలిబర్లు, అంటే తూటా రకాలు) ఉన్నవాళ్లు ఇంకా శక్తివంతమైన రైఫిల్ కోసం చూస్తుంటే నేను గట్టిగా చెప్పేది ఒకటే. అదే లావు బుల్లెట్‌ని ఇంకొంచెం వేగంగా పంపే తుపాకీ కొనకండి, బుల్లెట్ లావూ బరువూ రెండూ పెరిగేది కొనండి. నేను అలా ఆలోచించే 9.3×62 (9.3 మిల్లీమీటర్ల లావు బుల్లెట్ కాల్చే క్యాలిబర్) తీసుకున్నాను. చాలా వేట సీజన్లు, చలిలో, వానలో, దట్టమైన అడవిలో, మధ్యమధ్యలో రేంజిలో వాడాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

నా దగ్గర అప్పటికి ఉన్నవి చిన్నవాటికి .22 రిమ్‌ఫైర్, చిన్న జింకలకి .243 విన్చెస్టర్, మిగతా అన్నిటికీ .308. నిజానికి .308తో కాని పని చాలా తక్కువ. స్వీడన్‌లో మూస్ లాంటి పెద్ద జంతువులకి బుల్లెట్ కనీసం 9 గ్రాములుంటే 100 మీటర్ల దగ్గర 2700 జౌల్స్ శక్తి, 10 గ్రాములు గానీ ఆ పైన గానీ ఉంటే 2000 జౌల్స్ చాలని నియమం. అక్కడ తరాలుగా 6.5×55 అనే సన్నటి క్యాలిబర్‌తోనే మూస్‌ని కొడుతున్నారు. అందుకే పెద్ద జంతువుకి పెద్ద తుపాకీ లేకపోతే కుదరదు అనే మాట నేను అనను. నాకు పెద్దది కావాలనిపించింది వేరే సందర్భాల కోసం. పొదల్లో ముప్పై నలభై మీటర్ల దూరంలో బరువైన జంతువు పక్కకి తిరగకుండా ఏటవాలుగా నిలబడ్డప్పుడు బుల్లెట్ భుజం ఎముక దాటి లోపలి దాకా వెళ్లాలి, వీలైతే అవతలికి కూడా రావాలి. దెబ్బతిని పొదల్లో దూరిన అడవిపందిని వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చినప్పుడైతే చేతిలో ఉన్నదాని మీద నమ్మకం ఉండాలి. ఈ రెండింటికీ .308 పనికిరాదని కాదు గానీ మంచి కోణం దొరికేదాకా ఆగాల్సి వస్తుంది, ఒక్కోసారి ఆ కోణం దొరకదు.

ముందు అందరూ చెప్పేది .300 విన్చెస్టర్ మాగ్నమ్. 1963లో వచ్చింది, మంచి క్యాలిబరే, దూరం కాల్చేవాళ్లకి ఇంకా మంచిది. కానీ .308 కాల్చే బుల్లెట్టే అదీ కాలుస్తుంది, లావు 7.8 మిల్లీమీటర్లే. 180 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాము) బుల్లెట్ .308లో సెకనుకి సుమారు 800 మీటర్ల వేగంతో బయల్దేరితే ఇందులో సుమారు 900. జౌల్స్‌లో చూస్తే 3700 ఎక్కడ, 4700 ఎక్కడ అనిపిస్తుంది. ఇప్పుడు 9.3×62 చూడండి, 286 గ్రెయిన్ల బుల్లెట్, వేగం సుమారు 720, శక్తి దాదాపు 4800 జౌల్స్. కాగితం మీద .300 మాగ్నమ్, 9.3 ఇంచుమించు సమానం. అడవిలో మాత్రం రెండూ ఒకటి కావు. 9.3 బుల్లెట్ అరవై శాతం బరువెక్కువ, ముందు భాగం వైశాల్యం నలభై శాతం ఎక్కువ, పైగా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి దగ్గర్లో ఎముకకి తగిలినా పగిలిపోకుండా లోపలికి పోతుంది. పట్టికలో శక్తి అంకె ఒక్కటే చూసేవాళ్లకి ఈ తేడా కనపడదు. శక్తి లెక్కలో వేగాన్ని వర్గం చేస్తారు కదా, అందుకని వేగం పెంచితే అంకె తొందరగా పెరిగిపోతుంది, అంతే.

.338 విన్చెస్టర్ మాగ్నమ్ దగ్గర చాలా రోజులు ఆగాను. 1958లో వచ్చిన ఈ క్యాలిబర్ 225 గ్రెయిన్ల బుల్లెట్‌ని 850 మీటర్ల వేగంతో పంపుతుంది, 5200 జౌల్స్ దాటుతుంది, దూరంలో 9.3 కంటే బాగా చదునుగా వెళ్తుంది. బయట మైదానంలో, కొండవాలు మీద రెండు వందల యాభై, మూడు వందల మీటర్లలో పెద్ద జంతువుల్ని వేటాడేవాళ్లు ఎవరైనా నన్నడిగితే .338 తీసుకోమనే చెబుతాను. నా వేట అలాంటిది కాదు. .375 హెచ్ అండ్ హెచ్ 1912 నాటిది, ఇప్పటికీ దానికి తిరుగు లేదు, ఆఫ్రికాలో చాలా చోట్ల ప్రమాదకరమైన జంతువులకి అదే కనీస క్యాలిబర్. ఎప్పటికైనా అడవి దున్న వేటకి వెళ్లే ఆలోచన ఉంటే మధ్యలో ఇంకేదీ కొనకుండా నేరుగా .375కే వెళ్లండి. దానికి పొడవాటి యాక్షన్ (తూటాని ఎక్కించి మూసే భాగం) కావాలి, రైఫిల్ బరువెక్కుతుంది, రోజంతా భుజాన వేసుకుని తిరగాలంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. .35 వీలెన్ కూడా 9.3కి దగ్గరి చుట్టమే, అది సులువుగా దొరికే చోట ఉన్నవాళ్లకి నా అభ్యంతరమేమీ లేదు. .45-70 యాభై అరవై మీటర్ల వేటకి బావుంటుంది, ఆ పైన బుల్లెట్ బాగా కిందికి దిగిపోతుంది.

9.3×62ని బెర్లిన్‌లో తుపాకులు తయారుచేసే ఓటో బాక్ 1905లో తెచ్చాడు. మామూలు మౌజర్ 98 యాక్షన్‌లో పట్టేలా, ఆఫ్రికాలోని జర్మన్ వలసల్లో ఉన్న రైతులకీ వేటగాళ్లకీ పనికొచ్చేలా కొలతలు పెట్టాడు. ఆ కొలతల వల్లే ఇప్పటికీ నాకు లాభం. యాక్షన్ .30-06కి వాడేదే సరిపోతుంది, తూటా అడుగున మాగ్నమ్‌లకుండే బెల్టు (ఉబ్బెత్తు పట్టీ) లేదు, మ్యాగజీన్‌లో ఐదు పడతాయి, అదే మాగ్నమ్‌లలో ఎక్కువగా మూడే పడతాయి. గరిష్ఠ పీడనం 3900 బార్, .300 మాగ్నమ్‌కి అది 4300. పీడనం తక్కువ కాబట్టి ఎండలో వేడెక్కినా బోల్ట్ తేలిగ్గా తెరుచుకుంటుంది, బ్యారెల్ కూడా చాలా కాలం మన్నుతుంది. నా రైఫిల్ బ్యారెల్ 56 సెంటీమీటర్లే, పొదల్లో తిప్పడానికి అడ్డం రాదు. తుపాకీ మందు ఎక్కువ పట్టే మాగ్నమ్‌లకి బ్యారెల్ పొట్టిదైతే వేగమూ పోతుంది, చప్పుడూ మంటా పెరుగుతాయి. దీనికి ఆ బాధ చాలా తక్కువ.

ఇక రీకాయిల్, అంటే కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నడం. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పెద్ద క్యాలిబర్ కొన్నవాళ్లలో చాలామంది చివరికి దాన్ని బీరువాలో పెట్టేయడానికి కారణం ఇదే. స్కోప్‌తో కలిపి నాలుగు కిలోలుండే రైఫిల్‌లో .308 వెనక్కి తన్నేది సుమారు 20 జౌల్స్, 9.3×62 బరువు బుల్లెట్‌తో 40కి దగ్గర, .375 అయితే 55 దాకా. అంటే 9.3ది .308కి రెట్టింపు. మెత్తగా నెడుతుందని కొందరు చెబుతారు, అది కొంతవరకే నిజం, నిలబడి కాల్చినప్పుడు ఒళ్లంతా దాంతో పాటు వెనక్కి ఊగుతుంది కాబట్టి ఫరవాలేదు, బల్ల మీద కూర్చుని కాలిస్తే మాత్రం భుజానికి బాగానే తెలుస్తుంది. నా పద్ధతి ఏంటంటే, బల్ల మీద స్కోప్ జీరో చేయడం (గురి పెట్టినచోటే తూటా పడేలా సరిచేయడం) వరకే, అది కూడా భుజానికి మెత్త వేసుకుని, ఆ తర్వాత సాధనంతా నిలబడి కర్రల ఆసరాతోనే. ఒక పూటలో పది పన్నెండు తూటాలు దాటనివ్వను, ఆ పైన ఎంత కాల్చినా నేర్చుకునేది ఏమీ ఉండదు, ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది. ఆ అలవాటు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పక్కనున్నవాళ్లతో మ్యాగజీన్‌లో మామూలు తూటాల మధ్య పేలని డమ్మీ ఒకటి పెట్టించుకుంటాను. డమ్మీ దగ్గర గొట్టం మూతి కిందికి వంగితే ఆ పూటకి 9.3 పక్కన పెట్టేసి .22 తీస్తాను. ఎన్నేళ్లయినా ఈ పని మానలేదు. చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ ఉండాల్సిందే. మజిల్ బ్రేక్ (గ్యాస్‌ని పక్కలకి మళ్లించే గొట్టం మూతి బిళ్ల) పెట్టుకోమంటారు చాలామంది, తన్ను తగ్గుతుంది నిజమే కానీ పక్కనున్నవాళ్ల చెవులకి అది చేసే హాని చూశాక నేను వద్దనుకున్నాను. చట్టం ఒప్పుకునే చోట చప్పుడు తగ్గించే సప్రెసర్ అంతకంటే చాలా మేలు, కాకపోతే గొట్టం పొడవు పెరుగుతుంది.

స్కోప్ విషయంలో ఒక దెబ్బ తగిలింది. మొదట బిగించిన స్కోప్ .308 మీద ఎన్నో ఏళ్లు నిక్కచ్చిగా ఉన్నదే, దీని మీదకి మార్చిన కొన్నాళ్లకి లోపల ఏదో సడలి గురి ఒక్కో తూటాకి ఒక్కో చోట పడటం మొదలైంది. రైఫిల్ బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కూర్చున్న తీరు) చూశాం, రింగులు చూశాం, తూటాలు మార్చాం, చివరికి స్కోప్ అని తేలింది. ఆ తర్వాత రీకాయిల్‌కి గట్టిగా నిలబడే 1.5-6×42 స్కోప్ (ఒకటిన్నర నుంచి ఆరు రెట్లు పెద్దగా చూపేది) పెట్టాను, కంటికీ అద్దానికీ మధ్య కనీసం తొమ్మిది సెంటీమీటర్లు ఉండేలా చూసుకున్నాను, ఇప్పటికీ అదే ఉంది. అడవిలో ఇంతకంటే పెద్ద మాగ్నిఫికేషన్ అవసరం పడలేదు. రైఫిల్‌ది చెక్క స్టాక్ అయితే రీకాయిల్ లగ్ (తన్నుని స్టాక్‌కి చేరవేసే యాక్షన్ కింది దిమ్మ) దగ్గర బెడ్డింగ్ సరిగ్గా ఉందో లేదో మొదట్లోనే తెలిసినవాళ్లకి చూపించుకోండి, అక్కడ ఖాళీ ఉంటే ఈ తన్నుకి స్టాక్ పగులు తీస్తుంది. నాది మొదటి సీజన్‌కి ముందే చేయించాను, ఇప్పటిదాకా గీత పడలేదు.

గురి లెక్క తేలికే. 100 మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా పెట్టుకుంటే 200 దగ్గర సుమారు పన్నెండు సెంటీమీటర్లు కిందికి వస్తుంది, పెద్ద జంతువు గుండెకాయ చోటుకి అది ఇబ్బంది కాదు. 300 దగ్గర మాత్రం అర మీటరు దాకా దిగుతుంది, అక్కడ నేను దీన్ని వాడను. నా హద్దు 200, అంతకంటే దూరం కాల్చాల్సి వచ్చే చోటుకి .308 తీసుకెళ్తాను. రెండు తుపాకులూ ఉన్నందుకు అదే కదా ప్రయోజనం. ఇప్పటికీ లెక్క తీస్తే .308 బయటికి వచ్చే రోజులే ఎక్కువ.

జంతువు మీద ఎలా పనిచేస్తుందంటే, తగిలినచోటే పడిపోతుందని మాట ఇవ్వలేను. ఊపిరితిత్తుల్లో తగిలిన జంతువు ఏ క్యాలిబర్‌తోనైనా కొన్ని అంగలు పరిగెత్తొచ్చు. 9.3తో నేను చూసిన తేడా, బుల్లెట్ దాదాపు ప్రతిసారీ అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది, రెండు వైపులా రంధ్రం ఉంటుంది, నెత్తుటి జాడ చీకట్లో టార్చి వేసినా తెలిసేంత స్పష్టంగా ఉంటుంది. జంతువుని వెతికే కుక్క లేని చోట ఇది చాలా పెద్ద విషయం. ఇంకోటి, మాంసం తక్కువ పాడవుతుంది. మాగ్నమ్ వేగంతో దగ్గర్లో కొడితే భుజం చుట్టూ నెత్తురు గడ్డకట్టి చాలా మాంసం కోసి పారేయాల్సి వస్తుంది, దీనితో రంధ్రం చుట్టూ కాస్తే పోతుంది. ఇలా దూసుకుపోయే గుణంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. జంతువు వెనకాల ఇంకో జంతువుంటే అదీ దెబ్బతింటుంది. వెనక మట్టిగట్టు గానీ నేల గానీ కనపడకపోతే కాల్చకండి. అడవిపందులు గుంపుగా ఉన్నప్పుడు ఈ కారణంగానే నేను కాల్చకుండా వదిలేసినవి ఉన్నాయి, అవి వదిలేసినందుకు ఏమీ బాధ లేదు.

బుల్లెట్లలో నార్మా ఓరిక్స్, నోస్లర్ పార్టిషన్, బార్న్స్ టీఎస్ఎక్స్ మూడూ వాడాను. ఓరిక్స్ దగ్గరి దూరాల్లో బాగా విచ్చుకుంటుంది, సీసం తొడుగుకి అతికి ఉంటుంది కాబట్టి విడిపోదు, నా రైఫిల్‌కి బాగా సరిపోయింది, ఎక్కువగా అదే. సీసం వాడకూడని చోట రాగి బుల్లెట్ తప్పదు, అప్పుడు 250 గ్రెయిన్లది తీసుకోండి, బరువు తగ్గినా లోతుకి పోతుంది, వేగం కూడా కొంచెం వస్తుంది. 232 గ్రెయిన్ల తూటాలు రీకాయిల్ తక్కువగా ఉంటాయి కాబట్టి సాధనకీ మామూలు జింకలకీ హాయిగా ఉంటాయి, కాకపోతే అవి వేరే చోట పడతాయి, స్కోప్ మళ్లీ చూసుకోవాలి. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, .308కి వాడే మధ్యస్థంగా మండే మందులే చాలావరకు దీనికీ పనికొస్తాయి, నేను రెండింటికీ ఒకే మందు కొంటాను. ఎంత వేయాలన్నది మాత్రం మాన్యువల్‌లో దీనికి ఇచ్చిన లెక్క చూసి కింది అంకె నుంచి మొదలుపెట్టండి.

నాకు నచ్చనిది తూటాల సరఫరా. .308 అడిగితే ఎక్కడైనా పది రకాలు చూపిస్తారు, 9.3×62 కొన్ని దేశాల్లో ప్రతి దుకాణంలో ఉంటుంది, కొన్ని చోట్ల పేరు చెప్తే తెప్పించాలంటారు. తూటాలు లేని తుపాకీ ఎందుకూ కొరగాదు కాబట్టి, కొనే ముందు మీరు వేటాడే చోట కనీసం రెండు రకాల తూటాలు ఏడాది పొడవునా దొరుకుతాయా అని కనుక్కోండి. దొరకవంటే, .338 గానీ .35 వీలెన్ గానీ దొరికే చోట అదే తీసుకోండి. రైఫిల్‌ని మరీ తేలికది మాత్రం ఎంచుకోవద్దు, స్కోప్ లేకుండా మూడు కిలోల లోపుండేవాటితో 286 గ్రెయిన్లు కాల్చి చూశాను, రెండో తూటాకి నా గురి చెదిరింది. స్కోప్ లేకుండా మూడుంబావు, మూడున్నర కిలోల మధ్య ఉన్నది చూసుకుంటే రోజంతా మోయడానికీ కాల్చడానికీ రెండింటికీ సరిపోతుంది.